గాలిమోటరు అద్దం

టక్.

ఇంకా గట్టిగానే ఉంది. పరశురాములు ఇనుపచువ్వను బట్టీ తలుపు సందులోంచి వెనక్కి లాక్కుని, తలుపుకున్న చిన్న గాజు కిటికీకి మళ్ళీ కన్ను ఆనించాడు, ఆనించి ఏం లాభం, లోపల ఎర్రటి మసక తప్ప ఏముంది గనక. సూర్యాపేటలో మురళీధర్ బీరువాల షెడ్డు అది, బీరువాలకు రంగు కొట్టి ఆరబెట్టే బట్టీ అది, మనిషి నిలబడి తిరగగలిగినంత ఇనుప గది. ఆదివారం గనక పనివాళ్ళు లేరు, మురళీధర్ తాళంచెవులు చేతిలో పెట్టి అన్నానికి పోయాడు, షెడ్డులో ఉన్నది పరశురాములు, అతని భార్య నాగరాణి, బయట మే నెల ఎండ. బట్టీలో బీరువాకు బదులు ఇవాళ ఇనుప చట్రం మీద పరిచిన అక్రిలిక్ షీటు ఉంది, నీళ్ళలాంటి ప్లాస్టిక్ అద్దం, మంచి కళ్ళున్నవాడికే దాని అంచు వెతుక్కుంటే గాని దొరకదు. అది వేడికి మెత్తబడి నడుమ జోలెలాగా దిగాలి, దిగిన క్షణాన చట్రాన్ని చెరో కొసా పట్టుకుని బయటికి తేవాలి, తెచ్చి ఆ పక్కన గుడ్డ కప్పి ఉంచిన కొయ్య అచ్చు మీద పరవాలి, పరిస్తే అచ్చు వంపు పట్టి, చల్లారాక అతను కట్టుకున్న చిన్న విమానానికి, గాలిమోటరుకు, ముందు అద్దం అవుతుంది. తొందరపడితే వంగేచోట విరుగుతుంది, ఆలస్యమైతే సాగి పలచబడి ఎందుకూ కొరగాకుండా పోతుంది. ఇంతే పని. ఇంత పనికి మనిషికి కావాల్సింది రెండు చేతులు, రెండు కళ్ళు, చేతులైతే ఉన్నాయి.

కళ్ళ సంగతి నాగరాణికి తెలియదు. తెలియనివ్వలేదు. కిందటి వానాకాలం అద్దాల సరుకు తెస్తానని చెప్పి హైదరాబాదు పోయి కంటి దవాఖానలో కూర్చుని వచ్చాడు. డాక్టరమ్మ మంచిది, అబద్ధం చెప్పలేదు, వంశంలో వచ్చేది అంది, మందు లేదంది, అంచుల నుంచి కమ్ముకుంటూ వచ్చి చివరికి నడుమ కూడా మూసుకుపోతుంది, ఎప్పుడంటే ఎవరూ చెప్పలేరు అంది. అంచులు పోయి అప్పటికే చాలా కాలమైంది, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపించేది, ఇప్పుడా గొట్టంలోకీ పొగ దూరింది. ఎత్తి పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది, వేళ్ళు కనిపించవు. నాగరాణి ముఖం ఉన్నచోట ముఖమంత నీడ ఉంటుంది, ముఖం ఉండదు. ఒక్కో పొద్దున జర నయంగా ఉంటుంది, ఆ ఒక్కో పొద్దు మీదే ఆశంతా. ఆ మిగిలిన చారెడు చూపు ఉండగానే ఒక్కసారి, ఒకే ఒక్కసారి పైనుంచి కిందికి చూడాలి. పైకి పోతే అన్నీ చిన్నవవుతాయి గదా, చిన్నవైతే ఈ గొట్టంలో పడతాయి గదా, ఊరూ వాగూ తొవ్వా అన్నీ ఇంతింతై ఒక్కసారే కంట్లో పడతాయి గదా, ఈ లెక్క డాక్టరమ్మకు చెప్పలేదు, చెబితే నవ్వేదో ఏడ్చేదో. నడపడానికి పైలట్ జగన్ ఉన్నాడు, తను పక్క సీట్లో కూర్చుని చూస్తే చాలు. వానలు దిగాయంటే మళ్ళీ చాలా నెలలు ఎగరడం కుదరదు, అన్నాళ్ళు ఈ కళ్ళు ఆగుతాయన్న పూచీ ఎవరిస్తారు. షీటు ఇదొక్కటే మిగిలింది, రెండు ఇదివరకే మట్టి కొట్టుకుపోయాయి, ఇంకోటి కావాలంటే బొంబాయి నుంచి రావాలి, వచ్చేసరికి ఎవరి కళ్ళ కోసం రావాలి. దేవుణ్ణి ఊరికే అడుక్కునే మనిషి కాదు పరశురాములు, ఇవాళ అడుక్కుంటున్నాడు, ఇది ఒక్కటి కానియ్యి, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినప్పుడు తీసుకుపో, నేనేం అనను.

టక్. షీటులోంచే కోసిన బద్దనొకదాన్ని బట్టీ లోపల తలుపు పక్కనే, షీటుతో సమానమైన ఎత్తులో పెట్టాడు. చువ్వతో తడితే టక్ మంటుంది, వేడెక్కే కొద్దీ చప్పుడు మందగిస్తుంది, చప్పుడే రాని క్షణాన పెద్ద షీటు కూడా సిద్ధమైనట్టు. ఇదొక పద్ధతి అని నాగరాణికి చెప్పాడు. ఎవరూ నేర్పని పద్ధతి, గుడ్డివాడి పద్ధతి, ఆ ముక్క మాత్రం మింగేశాడు. ఆమె సరేనంది. ఆమె అన్నిటికీ సరేనంటుంది, అని ఊరుకోదు, అదే వచ్చిన తంటా.

"నీళ్ల సీస నీ కుడికాలు కాడ పెట్టిన," అంది నాగరాణి పక్క నుంచి. "అచ్చు కాడికి పోయేటప్పుడు గడప అడ్డమొస్తది, ఎత్తుగున్నది. తట్టుకుంటం మరి."

"గడపున్నదని నాకు తెల్వదా?"

"నాకోసం చెప్పుకుంటున్నలే."

ఈ మధ్య నాగరాణికి నోరెక్కువైంది. పెళ్ళైన కొత్తలో నాలుక ఉందా లేదా అని వాళ్ళమ్మను అడిగినంత పని చేశాడు, అటువంటి మనిషి ఇప్పుడు రేడియో. గదిలోకి వస్తే నేనొచ్చిన అంటుంది, వచ్చిన సంగతి వచ్చినప్పుడు తెలియదా. అన్నం పెడితే పప్పు ఇటు దిక్కు, తొక్కు అటు దిక్కు అంటుంది, పళ్ళెంలో తొక్కు ఎక్కడుంటే ఏం, నోట్లోకి పోయేదే గదా. దారిన పోతుంటే ఇగో పాల మల్లయ్య ఎదురొస్తుండు, నవ్వుతుండు అంటుంది. వాడు నవ్వితే ఎవడిక్కావాలి. చెప్పులు కూడా ఈ మధ్య గడప పక్కనే, వేళ్ళు బయటికి పెట్టి, ఒకదాని పక్కన ఒకటి, బడి పంతులు వరస పెట్టినట్టు. వయసు మీదపడితే ఆడవాళ్ళకు చాదస్తం వస్తుందంటారు, వచ్చినట్టుంది అనుకున్నాడు. విసుక్కున్నాడు చాలాసార్లు. విసుక్కుంటే ఒక పూట ఊరుకుంటుంది, మళ్ళీ మొదలు.

చెమట కనుబొమల మీద నిలబడి కళ్ళలోకి దిగుతోంది. కరెంటు పోకూడదు, అదొక భయం. ఈ ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తీసేవాడికే తెలియదు, ఫ్యాను ఆగిందంటే లోపల వేడి ఒక పక్కకు చేరుతుంది, షీటు ఒక కొస కాలి ఒక కొస పచ్చిగా ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు గోడలోంచి వస్తూనే ఉంది, తిరుగు తల్లీ, తిరుగు. ఇన్నేళ్ళలో ఎన్ని అద్దాలు బిగించాడు, హైదరాబాదు నుంచి బెజవాడ పోయే లారీ ఏదైనా రాయి తగిలి అద్దం పగిలిందంటే కోదాడలో అద్దాల పరశురాములు ముందు ఆగాల్సిందే. రబ్బరు అంచు పట్టి తాడు లాగుతూ అద్దాన్ని చట్రంలోకి కూర్చోబెడుతుంటే డ్రైవర్లు బీడీ తాగడం మరిచి చూసేవారు. మురళీధర్ బీరువాల తలుపులకు నిలువుటద్దాలు ఇచ్చిందీ తనే, అందుకే అడగ్గానే బట్టీ ఇచ్చాడు. అద్దంలో ఈకంత గీత ఉన్నా ఎండకు ఎత్తి పట్టి చెప్పేవాడు. ఆ కళ్ళేనా ఇవి.

అసలు గాలిమోటరు ఆశ పుట్టించింది కూడా పగిలిన అద్దమే. తొమ్మిదేళ్ళ కిందనో పదేళ్ళ కిందనో, హుజూర్‌నగర్ అవతల కోసిన మడిలో చిన్న విమానం ఒకటి ఇంజను చెడి దిగింది, గట్టు తగిలి ముందు అద్దం పగిలింది, జనం తిరునాళ్ళకు పోయినట్టు పోయారు, అద్దాలాయనను పిలవండిరా అని ఎవరో కోదాడకు కబురు చేశారు. పోయి చూస్తే దానికి వేసేది గాజు కాదు, తన దగ్గర లేనిది. నడిపినవాడు జగన్, పాలకీడు దగ్గర తండాలో పుట్టి హైదరాబాదులో విమానాలు నడపడం నేర్పేవాడు, గట్టు మీద కూర్చుని మోకాలి నెత్తురు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "గిది కొన్నది కాదన్నా, మనుషులు ఇండ్లల్ల కట్టుకునేదే, నీలాంటి చెయ్యున్నోడు కడితే నాకన్న మంచిగ కడతడు" అన్నాడు. ఆ మాట అన్నవాడు మరిచిపోయేవాడేమో, విన్నవాడు మరిచిపోలేదు. దుకాణం వెనక రేకుల షెడ్డులో మొదలుపెట్టాడు, రెక్కలు, తోక, చక్రాలు, సీట్లు రెండు, జగన్ నెలకో రెండు నెలలకో వచ్చి ఇది విప్పు అది బిగించు అని చెప్పిపోయేవాడు, ఒకటి కట్టి రెండు విప్పి, ఏళ్ళు గడిచాయి. కోదాడ చాయ్ హోటలు ముందు ఒక్కటే మాట, "ఏమయ్యా పరశురాములూ, ఎప్పుడెగురుద్దయ్యా నీ గాలిమోటరు, మాకు టిక్కెట్లిత్తావా లేదా?" ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని ఆడవాళ్ళు కూడా అనేవారు, నాగరాణి వినే దగ్గరే అనేవారు, ఆమె బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఎన్నడూ ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. అన్నీ అయ్యాక, ఇంజను కూడా తిరిగాక, ఇక మిగిలింది అద్దం. అద్దమే గదా, నా పనే గదా అని చివరికి పెట్టుకున్నాడు. అన్నం తినేవాడు బెల్లంముక్క చివరికి దాచుకున్నట్టు దాచుకున్నాడు. మొదటే చేసి ఉంటే, కళ్ళున్ననాడే చేసి ఉంటే, ఈపాటికి ఎన్నిసార్లు చూసి వచ్చేవాడు, దీన్ని తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

టక్. కాదు, టప్. కొంచెం మారింది. ఇంకా కాదు.

మొదటి షీటును ఎండకు వంగిపోతుందేమోనని తడి గోనెపట్టా కప్పి కాపాడాడు, చంటిపిల్లను కాపాడినట్టు. అది చెమ్మ పీలుస్తుందని ఎవరికి తెలుసు, బట్టీలో పెట్టగానే లోపలి చెమ్మంతా ఉడికి, నూనెలో అప్పడంలా ఒళ్ళంతా బొబ్బలెక్కింది. రెండోది మిర్యాలగూడ కట్టెల మిల్లులో ఆరబెట్టి, బొబ్బ లేకుండా, సరిగ్గా దిగింది, సరిగ్గా పరిచారు. అచ్చు మీద ఏం కప్పాలని ముందే ఫోనులో అడిగితే జగన్ అన్నాడు, మెత్తగుండాలె, మందంగుండాలె, వేడికి కాలొద్దు, గసొంటి గుడ్డ ఏదన్న. మెత్తగా, మందంగా, వేడికి కాలనిది. గొర్లకాపరి ఇంట్లో పుట్టినవాడికి దీనికి ఒకటే జవాబు. అయ్య గొంగడి తెచ్చి పరిచాడు, లేత గొర్రెపిల్లల తొలి ఉన్నితో నేసింది, వానకు తడవంది, నిప్పురవ్వకు అంటుకోనిది, తనను చిన్ననాడు చుట్టి పడుకోబెట్టింది. దానికన్నా మెత్తనిది ఈ భూమ్మీద ఏముంది. అద్దం చల్లారాక ఎత్తితే గొంగడి నేత పోగుపోగూ దానిలో దిగి ఉంది, వానలో గొంగడి ముసుగేసుకుని చూస్తే లోకం ఎట్లుంటుందో అట్లుంది. కళ్ళు అప్పుడు ఇంకొంచెం నయం, ఆ నేత కనిపించింది. నాగరాణి గొంగడి మడతపెట్టి పెట్టెలో పెట్టి, పోనీలే అంది. పోనీలే ఏంది, పోనీలే అంటే అయిపోయేదా అని అన్నం తినకుండా పడుకున్నాడు ఆ రోజు.

అయ్య పేరు జంగయ్య. కోతలు కాగానే తిరుమలగిరి మెట్ట నుంచి మందను తోలుకుని దిగేవాళ్ళు, సూర్యాపేట పక్కన మూసీ ఇసుకలో దిగి, వాగు వెంట, కంపచెట్ల వెంట, మిర్యాలగూడ కాలువ పొలాల దాకా, అక్కడ రైతులు ఎరువు కోసం మడిలో మందను పడుకోబెట్టించుకునేవారు, ఒక మడి నుంచి ఇంకో మడికి, వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసేదాకా. ఆ తొవ్వంతా అయ్య పాదాలకు తెలుసు. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ నీళ్ళు తీపో. ఒక గుట్ట మీద గొర్లు మేస్తుంటే తను అడిగాడు, "అయ్యా, మన తొవ్వంత ఒక్కసారే కండ్లవడ్తదా?" అయ్య పైకి చూశాడు, పైన గద్ద తిరుగుతోంది. "దానికి వడ్తది బిడ్డా." అంతే అన్నాడు, అని తుమ్మకొమ్మ వంచి గొర్లకు ఆకు రాల్చాడు. గద్దకు పడుతుందట. అయ్య మాత్రం పొద్దుగూకితే చాలు గంట కట్టిన పొట్టేలు మీద చెయ్యి వేసుకుని నడిచేవాడు, రేచీకటి అన్నారు, ఆ తర్వాత పగలు కూడా ఆ పొట్టేలు మీది చెయ్యి తీయలేదు. గొర్లు దొడ్డి దాటుతుంటే ఒక్కోదాని వీపు తాకి లెక్కపెట్టేవాడు, ఒక్కటి తప్పినా చెప్పేవాడు. ఆయనకు చూపు ఏనాడు పూర్తిగా పోయిందో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పలేదు. అమ్మకు తెలుసు. సోమమ్మ ఏమీ అనేది కాదు, ఆయన కూర్చున్న మంచం పక్కకు వచ్చి నీళ్ళ చెంబును ఆయన చెయ్యి పడేచోటికి జానెడు జరిపి పోయేది. అయ్య చెయ్యి చాపేవాడు, చెంబు ఉండేది, తాగేవాడు. ఆయన పోయాక ఎన్నడో అమ్మ అంది, ఆయన చెప్పలె, నేను అడుగలె, గట్లనే ఎల్లిపోయింది బిడ్డా. ఆ తొవ్వను ఒక్కసారి గద్ద చూసినట్టు చూడాలి, మెట్ట నుంచి వాడపల్లి దాకా, మూసీ అంతా ఒక్క తాడులాగా, అయ్యను వెంట పెట్టుకుని చూసినట్టు చూడాలి, ఇంత చిన్న కోరికకు ఇన్ని అడ్డాలా. కళ్ళు పోయేవాడికే ఈ పిచ్చి ఎందుకు పట్టాలి, కళ్ళున్నవాళ్ళు ఒక్కడూ తలెత్తి చూడడు గదా.

టప్. ఫ్యాను తిరుగుతోంది. బట్టీలోంచి తీపిగా ఒక వాసన మొదలైంది, షీటు వేడెక్కితే వచ్చే వాసన, మొదటి రెండుసార్లూ ఇట్లాగే వచ్చింది. దగ్గర పడుతోంది.

"గ్లౌజులు ఏసుకున్న," అంది నాగరాణి. "నీవి నీ ఎడమ పక్క బల్ల మీదున్నయి, అంచుకు."

వేసుకున్నాడు. గుడ్డ సంగతి మళ్ళీ ఒకసారి మనసులో తడుముకున్నాడు. ఈసారి గొంగడి కాదు, చంటిపిల్లల పక్కకు వేసే తెల్లటి ఫ్లానెల్ గుడ్డ, సూర్యాపేట బజారులో నాగరాణి వేలితో రుద్ది రుద్ది తెచ్చింది. పొద్దున అచ్చు మీద బిగుతుగా లాగి అంచుల్లో మేకులు కొట్టాక, ముడత లేదని అరచెయ్యి వేసి చూసుకున్నాక, ఆమె వచ్చి నిలబడింది. కొత్తది ఏది మొదలుపెట్టినా బొట్టు పెట్టకుండా ఉండలేదు ఆమె, బొట్టు పెడితే కుంకుమ అద్దంలో దిగుతుందని ముందే వద్దన్నాడు. "బొట్టు గాదులే, రెండు అక్షింతలు ఏస్త, అంచుకు, నువ్వు కోసిపారేసే కాడ. ఒట్టి చేతులతోని ఎట్ల మొదలువెడ్తం" అంది. ఆ గొంతు విని సరే అన్నాడు. వేసి మొక్కుకుంది, ఏం మొక్కుకుందో పెదవి బయటికి రాలేదు. ఆ తర్వాత తను మెత్తటి కుంచెతో గుడ్డంతా దులిపాడు, ఈ కొస నుంచి ఆ కొసకు, రెండుసార్లు, వంగి చూశాడు కూడా, తెల్లగా ఉంది, అంతా తెల్లగానే ఉంది. సాఫయిందన్నాడు. "జర నేను గూడ సూస్త" అని ఆమె ముందుకు వస్తే, ఎక్కడినుంచి వచ్చిందో అంత కోపం, "ఏం, నాకు కండ్లు లెవ్వా?" అన్నాడు. ఆమె ఆగిపోయింది. కాసేపటికి బట్టీ వైపు నడిచిపోయిన చప్పుడు వినిపించింది.

చువ్వ లోపలికి పెట్టాడు. తట్టాడు. చప్పుడు లేదు. మళ్ళీ తట్టాడు, తడి మట్టిలో వేలు గుచ్చినట్టు మెత్తగా ఒదిగి, లేదు, చప్పుడు లేదు. గుండె మాత్రం టక్ టక్ మంటోంది. చూడాలి, ఒక్కసారి చూసి నిర్ధారణ చేసుకోవాలి, కిటికీకి కన్ను ఆనించాడు, ఎర్ర మసక, ఎర్ర మసక, ఒరే పాడు కన్నూ ఇన్నేళ్ళు నీకు తిండి పెట్టినందుకు ఈ ఒక్క క్షణం పనిచెయ్యి, ఎర్ర మసక. నాగరాణి ఊపిరి పక్కనే వినిపిస్తోంది, ఆమె కూడా అదే కిటికీలోంచి చూస్తోంది. "నడుమ దిగింది," అంది మెల్లగా, ఎవరితోనూ కానట్టు. "జోలె లెక్క దిగింది."

"తియ్."

తలుపు తెరిస్తే వేడి ముఖం మీద చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టింది. చట్రం అతని చేతికి వచ్చింది, అటు కొస ఆమె చేతిలో ఉంది, తను వెనక్కి నడుస్తున్నాడు, ఆమె ముందుకు, ఇద్దరి నడుమ కనపడని బరువు ఒకటి మెల్లగా ఊగుతోంది. "గడప," అంది. కాలెత్తి దాటాడు. "ఇంకో అడుగు. ఇగ ఆగు. దించు, నీ దిక్కు ముందుగాల, ఆ, ఇగ వదులు." దించాడు, వదిలాడు, షీటు అచ్చు మీద ఒరుగుతూ పరుచుకుంటుంటే గ్లౌజుల లోంచి చేతులకు తెలిసింది, నిద్రపోతున్న బిడ్డ భుజాన వాలినట్టు వాలింది, అంచులు లాగి బిగించాడు, ఈ పక్క, ఆ పక్క, ముక్కు దగ్గర, ఎక్కడా ఎదురు తిరగలేదు. విరగలేదు. చిరగలేదు. ఆమె పోయి షట్టరు దించింది, గాలి తగిలితే పగులుతుంది. ఇక చేసేదేం లేదు, చల్లారేదాకా తాకకూడదు.

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. షెడ్డులో చీకటి, షట్టరు కింద సందులోంచి ఎండ గీతలాగా ఉండి ఉంటుంది, ఉంటుందని తెలుసు గనక ఉందనుకున్నాడు. కాసేపటికి ఫ్యాను చప్పుడు ఆగిపోయింది, కరెంటు పోయింది, పోతే పోనీ, ఇప్పుడు పోతే ఎవడికి బాధ, నవ్వొచ్చింది. అయింది. అయిందా. అయినట్టే ఉంది, చేతులు చెబుతున్నాయి, ఏళ్ళ కొద్దీ అద్దాలు బిగించిన చేతులు అబద్ధం చెప్పవు. రేపే కోదాడ తీసుకుపోయి, అంచులు కోసి, రంధ్రాలు మెల్లగా వేసి, బిగించి, జగన్‌ను రమ్మని, మబ్బులు రాకముందే. పొద్దుపొద్దునే ఎగరాలి, పొద్దున కళ్ళు జర నయంగా ఉంటాయి. మూసీ కనిపిస్తుంది, తాడులాగా. కనిపిస్తుందా. ముఖం కనిపించనివాడికి మూసీ కనిపిస్తుందా, చిన్నవైతే కనిపిస్తాయని ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పుకున్నాను, కనిపించాలి, కనిపించకపోతే ఇన్నేళ్ళు దేనికి.

చాలాసేపటికి నాగరాణి లేచి, మోచేత్తో తాకి, చల్లారిందంది. షట్టరు ఎత్తింది. బిగింపులు విప్పి, ఇద్దరూ కలిసి అద్దాన్ని అచ్చు మీంచి ఎత్తి బల్ల మీద నిలబెట్టారు, ఆమె లోపలి వైపు నుంచి పట్టుకుంది పడిపోకుండా. ఎండ వెలుతురు పడుతోంది గదా, కనిపించాలి. పరశురాములు ఎదురుగా నిలబడి చూశాడు. వెలుగు ఉంది. వెలుగులో అద్దం లేదు, అచ్చు లేదు, ఆమె లేదు, పొగ పట్టిన వెలుగు ఒక్కటే ఉంది, పొద్దున ఉన్న పొగ కాదు, ఇంకా చిక్కగా.

"ఎట్లొచ్చింది?" అన్నాడు.

"నీళ్ల లెక్కున్నది."

"మచ్చ గిట్ల?"

"ఏం లేదు. ఒక్క మచ్చ లేదు."

గ్లౌజులు తీసేసి, ఆమె పక్కకు వచ్చి అరచేతిని అద్దం లోపలి వైపు ఆనించాడు. నునుపు, గోరువెచ్చన. అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా నడుముకు, పిల్ల తల నిమిరినట్టు, ఎక్కడా బొబ్బ లేదు, పోగు లేదు, ముడత లేదు. కుడివైపుకు జరిగాడు, పక్క సీట్లో కూర్చునేవాడి కళ్ళకు సరిగ్గా ఎదురయ్యే చోటికి. అక్కడ చెయ్యి ఆగింది. అక్కడ నాగరాణి వేలు ఉంది. పట్టుకున్న వేలు కాదు, అద్దం పట్టుకోవడానికి ఎవరూ అట్లా ఒక్క వేలు ఆనించరు, కప్పిన వేలు, గాయం మీద అదిమి పట్టినట్టు అదిమి ఉంది. ఆ వేలి పక్కన అతని వేలికొసకు తగిలింది, సన్నగా, కోలగా, గట్టిగా, అద్దంలో సగం మునిగి, ఒక బియ్యపు గింజ, తన కుంచే అంచు నుంచి ఇక్కడికి తోసిన అక్షింత. తెల్లగుడ్డ మీద పసుపు గింజ. కళ్ళున్న ఎవడికైనా ఆమడ దూరం నుంచి కనిపించేది.

ఆమె వేలు జరగలేదు. అతని వేలూ జరగలేదు. ఒక్క మచ్చ లేదంది. ఉన్నదాన్ని లేదంది, వేలి కింద పెట్టుకుని లేదంది, చూసి చెప్పగలిగేవాడికి ఎవరూ ఆ మాట చెప్పరు. పప్పు ఇటు దిక్కు, తొక్కు అటు దిక్కు. నేనొచ్చిన. ఇగో మల్లయ్య నవ్వుతుండు. చెప్పులు వేళ్ళు బయటికి. నీళ్ళ సీసా కుడికాలు దగ్గర. ఎన్నాళ్ళ నుంచి, ఏనాటి నుంచి చెంబు జరుపుతోంది ఇది, తను విసుక్కుంటుంటే, చాదస్తమని నవ్వుకుంటుంటే, ఒక్కత్తే ఎక్కడ కూర్చుని ఏడ్చిందో. అడగాలనుకున్నాడు. అడగలేదు.

బయట రోడ్డు మీద లారీ ఒకటి పోయింది.

"జగన్‌కు ఫోన్ చెయ్యి," అన్నాడు చివరికి. "అద్దం మంచిగొచ్చిందని చెప్పు. పక్క సీట్ల నువ్వు కూసుంటున్నవని చెప్పు. తిరుమలగిరి కాడికెంచి వాడపల్లి దాక పొమ్మను, మూసీ ఎంబడి. దిగినంక నాకు చెప్పు, ఏ దిక్కు ఏమున్నదో."

నాగరాణి వేలు ఇంకా ఆ గింజ మీదే ఉంది.